అత్తగారికి ఎన్ని కిలోల స్ప్రింగు

యాయిజు
2009 మార్చి 8

గెంజిరో మామయ్యకి,

ఉత్తరమన్నాక ముందు ఋతువు గురించి నాలుగు మాటలు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఉమె చెట్ల పూలు రాలిపోయాయి, చెర్రీ మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు. ఈ రెండింటి మధ్యా మా రేవుకి మిగిలింది ఎండుచేపల వాసన ఒక్కటే. పొద్దస్తమానం ఫ్యాక్టరీలో ఎండు సూరచేపల్ని పొరలు పొరలుగా తరుగుతుంటాను. ఇంటికొచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా వీధి పిల్లులు నా వెంట పడడం మానవు.

ఫోను చెయ్యలేదని కోపం తెచ్చుకోకండి. ముప్ఫై అయిదేళ్ళు బస్సు ఇంజన్ల పక్కన నిలబడి మీ చెవులు పోతే, శిక్ష నాకు పడుతోంది. కిందటిసారి ఆఫీసు ఫోనులో "వెనక భాగం బాగా ఊగుతోంది మామయ్యా" అని మూడుసార్లు అరిచాను. అప్పట్నుంచీ మా మేనేజరు నేను నడిచి వెళ్తుంటే తల పక్కకి తిప్పుకుంటున్నాడు.

ఊగేది నా లారెల్ కారు. పదిహేడేళ్ళ కారుకి పదిహేడేళ్ళ షాక్ అబ్జార్బర్లు. గుంతలో పడితే మూడుసార్లు ఊగితేగాని నిలవదు. ఆదివారాలు కొండ మీది రేసుల సర్క్యూట్‌కి డ్రిఫ్టింగు చెయ్యడానికి వెళ్తే ఇంకా అధ్వానం. వెనక చక్రాల్ని జారనిచ్చి కారుని అడ్డంగా నడపాల్సిన చోట అది కాస్త జారి, ఒక పక్కకి ఒరిగి, ఎటు పోదామా అని ఆలోచించుకుంటుంది. మా క్లబ్బు నడిపే టైర్ల కొట్టు ఒబతా గారు, ఇక ఈ ముసలిదాన్ని ఏడిపించకుండా కాయిలోవర్లు వేయించమంటున్నారు. స్ప్రింగూ, దాని ఊపుని ఆపే డ్యాంపరూ ఒకే కడ్డీకి ఉండి, ఎత్తూ బిగువూ మనమే తిప్పుకునే సెట్టని మీకు నేను చెప్పాలా. చవకలో ఏది కొనమంటారు?

చిక్కేమిటంటే ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే. ప్రతి మంగళవారం మా అత్తగారు మిత్సు గారిని వెన్నునొప్పి వైద్యానికి అందులోనే తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళు కూర్చునే చోటు కాబట్టి ఆవిడ నా వెనక సీటులో కూర్చుంటారు. మా ఆయన షుంజి జనవరిలో సూరచేపల వేటకి పడవెక్కాడు, మళ్ళీ డిసెంబరుకి గాని రాడు. వెళ్ళేముందు, ఈ కారు వాళ్ళమ్మ వెన్నుకి పడకపోతే అమ్మేస్తానని నా చేత మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఆయన సముద్రంలో ఉన్నప్పుడు నేను వాళ్ళమ్మని బాధపెట్టానని ఎవరూ అనకూడదు. కానీ మామయ్యా, ఆ కారు అమ్మడమంటే వారానికి నాదంటూ ఉన్న ఒక్క రోజునీ అమ్ముకోవడమే.

పోనీ బాధగా ఉందో లేదో ఆవిడనే అడుగుదామంటే, ఆవిడ పుట్టిల్లు క్యోటో. క్యోటోవాళ్ళు తిట్టరు, పొగుడుతారు. అది తిట్టు అని అర్థమయ్యేసరికి మనలాంటివాళ్ళకి వారం పడుతుంది. పెళ్ళైన కొత్తలో "నువ్వొచ్చాక ఇంట్లో అడుగుల చప్పుడు వినిపిస్తోంది, ఎంత కళగా ఉందో" అన్నారు. నేను పొంగిపోయాను. మెల్లగా నడవమని దానర్థమని షుంజి ఏడాది తర్వాత చెప్పాడు. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాను.

తొందరగా జవాబు రాయండి. ఫుమి అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు, చేపల వాసనతో,
సవాకో

ఉయెదా
2009 మార్చి 16

సవాకోకి,

ఋతువు: మంచు కరగలేదు. అయిపోయింది, ఇక పనిలోకి వస్తాను.

నీకు స్టీరింగు పట్టడం మా డిపో ఆవరణలో, మంచులో, నేనే నేర్పాను. కాబట్టి నీ కారు జారితే ఆ పాపంలో సగం నాది. మిగతా సగం గురించి నాలుగు మాటలు విను.

నేను బాగుచేసిన ప్రతి బస్సులోనూ వెనక సీటు మీద నిండా టీ పోసిన కప్పు పెట్టి ఊరు చుట్టి రమ్మనేవాణ్ణి. చుక్క తొణికితే బస్సు మళ్ళీ రిపేరు గుంట మీదికే. ముప్ఫై అయిదేళ్ళలో నా బస్సు దిగి నడ్డి పట్టుకున్న ప్రయాణికుడు లేడు. మనిషికైనా బండికైనా మెత్తదనమే మర్యాద. ఇది రాసి గోడకి అంటించుకో.

ఇప్పుడు నీ ముందు మూడు దార్లున్నాయి. మొదటిది, ఉన్న స్ప్రింగుల్ని కోసి కారుని కిందికి దించడం. ఇలాంటి పని చేశావని తెలిస్తే నీకూ నాకూ చుట్టరికం తెగిపోతుంది. రెండోది, పెద్ద పేరున్న కంపెనీ సెట్టు ఎవరో వాడి పారేసింది కొనడం. డ్యాంపరు లోపల నూనె ఉంటుంది, సీలు ఉంటుంది, రెండూ వయసుతో పోతాయి. ముసలి రాజు కంటే పడుచు కూలివాడు నయం. వాడిన సెట్టు కొనేవాళ్ళంత మూర్ఖులు లోకంలో లేరు. మూడోది, పేరు లేకపోయినా కొత్తది. తైవాన్‌లో చేసినవి వస్తున్నాయి, చవకగానే ఉన్నాయి, సీలు పోతే విడిగా దొరుకుతుంది. అది కొను. పైన ఎన్ని రంగులున్నాయని చూడకు, విడిభాగాలు దొరుకుతాయా అని చూడు. బిగువు తిప్పే మెట్లు ముప్ఫై ఉన్నాయా పదహారున్నాయా అన్నదీ నీకు అనవసరం, నువ్వు వాడేది మూడే.

స్ప్రింగు మీద నంబరు ఉంటుంది. ఎనిమిది అంటే దాన్ని ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి ఎనిమిది కిలోల బరువు కావాలని. నీలాంటి కొత్తవాళ్ళకి ముందు ఎనిమిది, వెనక ఆరు చాలు. కుర్రాళ్ళు పద్నాలుగూ పదహారూ అంటారు, వాళ్ళకి అత్తగార్లు లేరు.

బాగా జాగ్రత్త,
చెవుడు తప్ప వేరే రోగం లేని
గెంజిరో మామయ్య

యాయిజు
2009 మార్చి 17 (కార్డు)

మామయ్యా, మీ జవాబు కోసం ఆగలేకపోయాను. మంచి బేరం దొరికింది. చాలా పేరున్న కంపెనీ సెట్టు, వాడిందే గాని కొత్తదానిలా ఉంది. ఊదా రంగు స్ప్రింగులు, బంగారు రంగు కడ్డీలు, గదిలో పెట్టుకుని చూస్తూ కూర్చోవచ్చు. మీరు చూస్తే మెచ్చుకుంటారు. సవాకో

ఉయెదా
2009 మార్చి 21

సవాకోకి,

ఋతువు బాగుంది.

నా ఉత్తరమూ నీ కార్డూ దార్లో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. అంత మూర్ఖులు లేరని నేను రాసింది నిన్ను ఉద్దేశించి కాదు. ఇప్పుడు నిన్ను ఉద్దేశించే రాస్తున్నాను.

కొనేముందు స్ప్రింగు తీసి కడ్డీని చేత్తో నొక్కి చూశావా? లోపలికి పోయినది నిదానంగా, ఒకే వేగంతో పైకి రావాలి. కడ్డీ మీద నూనె చెమ్మ ఉందా? ఇవేవీ చూడకుండా రంగు చూసి తెచ్చావు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నువ్వు అడుసుకి డబ్బిచ్చి మరీ తొక్కావు.

అయ్యిందేదో అయ్యింది. బిగించాక ఎత్తు మాత్రం చూసుకో. సర్కారు తనిఖీకి వెళ్ళినప్పుడు నేలకీ కారు అడుగు భాగానికీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లు లేకపోతే వెనక్కి పంపుతారు. టేపు ఎందుకు, సిగరెట్టు పెట్టె నిలబెట్టి కారు కిందికి తొయ్యి. అది దూరితే సరిపోదు, పైన ఇంకో రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. నువ్వు పొరపాటు పడకూడదని ఇవాళే ఒక పెట్టె కొనుక్కొచ్చి స్కేలు పెట్టి కొలిచాను, ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది.

మామయ్య

యాయిజు
2009 ఏప్రిల్ 26

మామయ్యకి,

చెర్రీ పూలు వచ్చాయి, వెళ్ళాయి, కారు కింద పడుకుని ఉన్నందువల్ల నేను చూడలేదు.

మీరన్నట్టే అయింది. రాజుగారు రెండు వారాలు నిలిచారు. ముందు కుడివైపు కడ్డీని నొక్కితే లోపలికి పోయి, ఇక బయటికి రానంది. నూనె బ్రేకు మీదికి కారింది. ఒబతా గారు ఊదా రంగు స్ప్రింగుని కొట్టులో గొడుగులు పెట్టుకోవడానికి తీసుకున్నారు.

చేతులు కాలాకే ఆకులు పట్టుకున్నాను గాని, పట్టుకున్నాను. వాషింగ్ మెషీనుకి దాచిన డబ్బుతో తైవాన్ సెట్టు కొన్నాను. బట్టలు బకెట్లో ఉతుక్కుంటున్నాను. ముందు ఎనిమిది, వెనక ఆరు. ఎత్తు సిగరెట్టు పెట్టెతోనే చూశాను, మీరు చెప్పినంతే ఉంది.

మామయ్యా, ఆదివారం ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. పొడుగాటి మలుపులో కారు అడ్డం తిరిగి అలాగే నిలబడింది. నేను చూసిన వైపుకి అది వెళ్ళింది. మలుపు అవతల ఒబతా గారు రెండు చేతులూ పైకెత్తారు. ఇన్నేళ్ళ వయసొచ్చి, హెల్మెట్ లోపల పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

అయితే మంగళవారం ఒకటి వచ్చింది కదా. ఆసుపత్రి దాకా రోడ్డు తవ్వి పోశారు. ప్రతి రాయికీ నా పళ్ళు కొట్టుకున్నాయి. అద్దంలో వెనక్కి చూస్తే మా అత్తగారు నిటారుగా కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు. దిగేటప్పుడు అన్నారు: "రోడ్డు ఎంత చక్కగా తెలుస్తోందో. ఒక్కొక్క రాయీ పలకరించి వెళ్ళింది. నా వెన్ను నిద్ర లేచినట్టుంది." అని చిరునవ్వు నవ్వారు. మర్నాడు పాత కిమోనో గుడ్డతో ఒక పలచటి దిండు కుట్టి, తన సీటులో కాదు, నా సీటులో పెట్టారు.

దీనర్థమేమిటి మామయ్యా? నాకు నిద్ర పట్టడం లేదు.

సవాకో

ఉయెదా
2009 మే 3

సవాకోకి,

కొండ మీద పచ్చదనం బాగుందని మీ అత్తయ్య రాయమంటోంది.

అర్థం కాకపోవడానికి ఏముంది. మా డిపోకి ఒకసారి క్యోటో నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "మీ డిపో ఎంత తీరుబడిగా ఉందో, చూస్తుంటే మనసుకి హాయిగా ఉంది" అన్నాడు. అందరం వంగి వంగి దణ్ణాలు పెట్టాం. నెల తిరక్కుండా ఇద్దర్ని బదిలీ చేశారు. అప్పట్నుంచీ ఆ భాష నాకు కొట్టిన పిండి.

ఒక్కొక్క రాయీ పలకరించిందంటే ఒక్కొక్క రాయీ ఆవిడ ప్రాణం తీసిందని. వెన్ను నిద్ర లేచిందంటే ఇక రాత్రంతా నొప్పితో నిద్ర ఉండదని. నీ సీటులో దిండు పెట్టిందంటే, నువ్వు పడుచుదానివి, నీకే ఇది కావలసొస్తే నా గతేమిటో ఊహించుకోమని. పాపం ఎంత మర్యాదగా చెప్పింది. చదువుతుంటే నాకే సిగ్గేసింది.

దీనికి మందు నా దగ్గరుంది. పార్సెల్లో ముందు నాలుగు, వెనక మూడు కిలోల స్ప్రింగులు పంపుతున్నాను, మా పాత స్నేహితుడి కొట్టులోవి. నీ సెట్టుకి సరిపోతాయి, కొలిచే పంపాను. బిగువు మీటలు కూడా మెత్తటి వైపుకి ఆఖరి దాకా తిప్పెయ్యి. ఇక ఆవిడ వెనక సీటులో పువ్వులో పెట్టినట్టు కూర్చుంటుంది.

ఇక్కడ నా పరిస్థితి బాగోలేదు. నా కోటు జేబులో ఆ సిగరెట్టు పెట్టె మీ అత్తయ్యకి దొరికింది. మూడేళ్ళ కిందట డాక్టరు ముందు ఒట్టేసి మానేశాను కదా. కొలవడానికి కొన్నానంటే నమ్మడం లేదు.

మామయ్య

యాయిజు
2009 జూన్ 14

మామయ్యకి,

వానలు మొదలయ్యాయి. బట్టలు ఆరడం లేదు, బకెట్లో ఉతికినవి అసలే ఆరవు. నా మనసూ అలాగే ఉంది.

మీ స్ప్రింగులు బిగించాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, సర్క్యూట్‌లో అందరికీ నన్ను చూస్తే అదే బుద్ధి పుడుతోంది. మలుపులో కారు ఒక పక్కకి పడుకుంటుంది, లేస్తుంది, రెండో పక్కకి పడుకుంటుంది. ఈలోగా మలుపు అయిపోతుంది, నేను గడ్డిలో ఉంటాను. పడవ షికారుకి టిక్కెట్టు ఎంతని ఒబతా గారు అడిగారు. పడ్డాను, పోనిద్దురూ, అత్తగారి వెన్ను కోసం.

కానీ మామయ్యా, ఆవిడకీ నచ్చలేదు. మొదటి మంగళవారం దారి పొడుగునా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. దిగాక నా చెయ్యి తట్టి, "నా కోసం ఎంత శ్రమ పడ్డావో. మీ మామగారి పడవ గుర్తొచ్చింది" అన్నారు. రెండో మంగళవారం వంతెన దగ్గర ఆపమని, హైడ్రాంజియా పూలు చూడాలనుందని, వానలో గొడుగేసుకుని మిగతా దూరం నడిచి వెళ్ళారు. అక్కడ పూలే లేవు. మూడో మంగళవారం నుంచి బస్సులో వెళ్తున్నారు. పని చేసుకునే పిల్లవి, నీ పొద్దు నా మీద ఎందుకు పాడుచేసుకుంటావన్నారు.

డెబ్భై ఆరేళ్ళ మనిషి, వెన్ను బాగోలేని మనిషి, కోడలి కారు ఇంటి ముందు ఉండగా బస్సు స్టాపులో నిలబడుతోంది. వీధంతా చూస్తోంది. నేను ఆవిణ్ణి అంత బాధపెట్టానా? కిందటి మంగళవారం ఫ్యాక్టరీకి వెళ్ళలేక కారులోనే కూర్చుని ఏడ్చాను.

షుంజికి మాటిచ్చాను. ఒబతా గారి కొట్టులో కాగితం అంటించాను, లారెల్ అమ్మబడును అని, ఇంటి అడ్రసుతో సహా.

సవాకో

ఉయెదా
2009 జూన్ 20

సవాకోకి,

ఇక్కడా వానే.

తొందరపడి అమ్మకు. పడవ గుర్తొచ్చిందంటే ఇంకా మెత్తదనం చాలలేదని నా అనుమానం. టైర్లలో గాలి కూడా కాస్త తగ్గించి చూడు. బస్సులకైతే స్ప్రింగు బదులు గాలితిత్తులు ఉంటాయి, వాటి హాయే వేరు. కారుకి పెట్టగలమా అని ఆలోచిస్తున్నాను.

ఆ కారు నీ చేతిలోంచి పోతే నాకూ బాధే. దాని మీద నీకున్న ఇష్టం మంచులో నేను నేర్పిన రోజునే మొదలైందని నా గర్వం. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మామయ్య

సవాకో, నేను ఫుమి అత్తయ్యని. మీ మామయ్య మళ్ళీ కాలుస్తున్నాడు. పెట్టె ఖాళీగా ఉంది, అంటే ఇరవయ్యీ కాల్చేశాడు. ఇరవయ్యీ చెత్తబుట్టలో పారేశానంటాడు. పెట్టె కారు కింద పెట్టి కొలవడానికట. మాకు కారే లేదు. నీ కారు కోసమైతే పెట్టె నీ దగ్గరుండాలి గాని ఈయన జేబులో ఎందుకుంది? నువ్వే తీర్పు చెప్పు.

యాయిజు
2009 జూలై 12

మామయ్యకీ, ఫుమి అత్తయ్యకీ,

ఋతువు తర్వాత రాస్తాను. ముందుగా తీర్పు: పెట్టె కొలవడానికే, మామయ్య నిర్దోషి. ఇక అసలు సంగతి.

మంగళవారం ఆసుపత్రి నుంచి ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది.  మా అత్తగారి వెన్ను పట్టే అమ్మాయి చాలా మొహమాటపడుతూ మాట్లాడింది. "మీ అత్తగారు బొడ్డు మీద ఉప్పులో ఊరేసిన ఎర్రటి ఉమె కాయ పెట్టి, ప్లాస్టరు అంటించుకుని వస్తున్నారండి. బోర్లా పడుకోబెడితే తువ్వాళ్ళన్నీ ఎర్రగా అవుతున్నాయి. కాస్త మీరు చెప్తారా?" ఎప్పట్నుంచి అని అడిగాను. ఏప్రిల్లో లేదట. మే నెలాఖరు నుంచీ ఉందట.

ప్రయాణంలో కడుపు తిప్పకుండా మన అమ్మమ్మలు చేసిన వైద్యం అది. మే నెలాఖరునే నేను మీ మెత్తటి స్ప్రింగులు బిగించింది. లెక్క కుదిరింది. సెలవు పెట్టి ఆసుపత్రి దగ్గరి బస్సు స్టాపుకి వెళ్ళాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చుని, ఆరేళ్ళలో మొదటిసారి నేను సూటిగా అడిగాను.

"అత్తయ్యగారూ, నా కారులో మీకు కడుపులో తిప్పుతోందా?"

ఆవిడ రోడ్డు వైపు చూస్తూనే, మెల్లగా, ఒక్కొక్కటే బయటపెట్టారు. ఆవిడకి పడవ పడదట. పెళ్ళైన ఏడాది మా మామగారి కొత్త పడవని నీళ్ళలోకి దించినప్పుడు ఊరందరి ముందూ ఎక్కించారట, అందరి ముందూ వాంతి చేసుకున్నారట. జాలరి పెళ్ళామై ఉండి మళ్ళీ పడవెక్కలేదు, ఆ సిగ్గు యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. నా కారు ఏప్రిల్లో చాలా బాగుందట. గట్టిగా, కుదురుగా, కింద నేల ఉందని నమ్మకంగా. వెన్ను కూడా నిజంగానే తేలికైందట. నేను ఏదో మార్చేసరికి అది పడవైపోయిందట.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు వానలో కారు కింద పడుకుని మరీ మార్చావు. నా కోసమని తెలుస్తూనే ఉంది. బాగోలేదని ఏ మొహంతో చెప్పను? బస్సులోనూ తిప్పుతుంది, కానీ దిగిపోవచ్చు. కోడలి కారు పాడుచెయ్యకూడదు కదా."

దిండు ఎందుకు పెట్టారని అడిగితే, నువ్వు పొట్టి, ముందు రోడ్డు సరిగ్గా కనపడదేమోనని అన్నారు. అడుగుల చప్పుడు మాట కూడా అడిగేశాను, ఇంట్లో కళగా ఉందన్నది కూడా నిజమేనా అని. ఆవిడ కాస్త ఆలోచించి, "అది మాత్రం తిట్టాను" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎనిమిదీ ఆరూ మళ్ళీ బిగించాను. కానీ మామయ్యా, ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. గట్టిగా ఉంటే బాగుందని ఆవిడ అన్నది కూడా నన్ను ఓదార్చడానికేనేమో. తిట్లలో పొగడ్త ఏదో, పొగడ్తలో తిట్టు ఏదో తేల్చుకునే శక్తి నాకు లేదు. అందుకని ఒబతా గారి కొట్టులో కాగితం ఇంకా తియ్యలేదు. డిసెంబరులో షుంజికి నేను ధైర్యంగా మొహం చూపించాలి.

ఋతువు: వానలు వెలిశాయి.

సవాకో

ఉయెదా
2009 జూలై 19

సవాకోకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత కళ్ళద్దాలు తీసి మీ అత్తయ్యని పిలిచాను. మా డిపో సిబ్బంది కుటుంబాల్ని ఏటేటా విహారయాత్రకి తీసుకెళ్ళేవాళ్ళం కదా, నేను స్వయంగా మెత్తగా చేసిన బస్సులో. ఆ బస్సులో నీకెప్పుడైనా ఏమైనా అనిపించేదా అని అడిగాను.

ఏటా రెండు కాయలు, అంది. వెళ్ళేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి. ఆవిడే కాదు, డ్రైవర్ల పెళ్ళాలందరూ. బస్సు ఎక్కేముందు స్త్రీల గదిలో వరసగా నిలబడి ఒకరికొకరు అంటించుకునేవారట. నాకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారట. ఎందుకంటే నేను ముందు సీటు దగ్గర నిలబడి, చూశారా, టీ తొణకలేదు, అని అందరికీ చూపించేవాణ్ణి. తొణకని మాట నిజమే. కప్పుకి కడుపు లేదు.

ముప్ఫై అయిదేళ్ళు నేను లోకానికి మర్యాద చేస్తున్నాననుకున్నాను. నాకు చెవుడు డిపోలో వచ్చిందనుకున్నాను, అంతకు ముందే ఉన్నట్టుంది.

నీ అత్తగారి మాటలకి అర్థాలు చెప్పి నిన్ను పెనం మీంచి పొయ్యిలో పడేసింది నేనే. ఇకముందు నీకు స్ప్రింగుల గురించి ఎంతైనా చెప్తాను, మనుషుల గురించి ఒక్క ముక్క చెప్పను. క్షమించు. క్యోటో ఇన్‌స్పెక్టరు కూడా పాపం నిజంగానే మెచ్చుకున్నాడేమో, ఆ బదిలీలు వేరే గొడవ వల్లేమో, ఇప్పుడు తలుచుకుంటే చెప్పలేను.

కాగితం సంగతి నువ్వే ఆలోచించుకో. నేను మాట్లాడను.

మామయ్య

యాయిజు
2009 ఆగస్టు 3

మామయ్యకి,

ఎండ మండిపోతోంది, ఫ్యాక్టరీలో చేపల పక్కన మేమూ ఎండుతున్నాం.

నిన్న కాక మొన్న, శనివారం సాయంత్రం పని దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరో మీసాలాయన నా కోసం నిలబడి ఉన్నాడు. హమామత్సు నుంచి వచ్చాడట. ఒబతా గారి కొట్టులో కాగితం చూసి, డబ్బు జేబులో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వెళ్ళాడట. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"మీ అత్తగారు మరీ ముక్కుసూటి మనిషండీ. గుమ్మంలోకి కూడా రానివ్వలేదు."

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. మా అత్తగారేనా అని అడిగాను. సన్నగా, నెరిసిన ముడి, నిటారుగా ఉంటారు, ఆవిడే అన్నాడు. ఏమన్నారో చెప్పమన్నాను. ఆయనకి ఇంకా ఉక్రోషంగానే ఉంది, ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

"ఆ కారు అమ్మం. అది మా కోడలిది. మా కోడలికి మొహమాటం ఎక్కువ, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తుంది. అందుకని తను ఇంటికొచ్చేలోపల మీరు వెళ్ళిపోండి."

ఆయన మళ్ళీ బేరం ఆడబోతే తలుపు వేసేశారట.

మామయ్యా, ఆరేళ్ళుగా ఆవిడ నన్ను నువ్వు అంటూనే, పరాయివాళ్ళలా సవాకో గారు అని పిలుస్తారు. మా కోడలు అన్న మాట మొదటిసారి విన్నాను, అదీ ఒక మీసాలాయన నోట. అక్కడే, గేటు దగ్గరే, పని దిగి వెళ్ళేవాళ్ళందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆయన కంగారుపడి, కారు అక్కర్లేదండీ, వదిలెయ్యండీ అన్నాడు. వెళ్ళేదారిలో కొట్టుకెళ్ళి కాగితం చింపేశాను.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఎవరైనా వచ్చారా అత్తయ్యగారూ అని అడిగాను. ఎవరూ రాలేదు అన్నారు, నా మొహం చూడకుండా. చల్లటి బార్లీ నీళ్ళు ఇచ్చారు. నేను పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను. అయిదో కాయ తీసుకుంటుంటే ఆవిడే అన్నారు.

"ఆదివారాలు నువ్వు వెళ్ళే ఆ కొండ మీదికి ముసలివాళ్ళని రానిస్తారా?"

ఈసారి నేను అర్థం వెతకలేదు మామయ్యా. రానిస్తారు అన్నాను.

మీ సవాకో